గుడి గోడకు మొదటి గడ్డపార

మార్కాపురం పక్కన ఒక ఊళ్లో గుడివాళ్లు, మసీదువాళ్లు, చర్చివాళ్లు కలిసి ఏటా వానలకు ముందు కుంట కాలువ పూడిక తీస్తారు. మొన్న ఎండాకాలంలో ఆ ఫోటో ఏదో పేపర్లో వచ్చిందట. మా శాఖలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె అది నాకు ఫోన్లో పంపి, ‘మేడం, ఇది మీరు పనిచేసిన చోటే కదా, ఇంత మంచి ఊళ్లు కూడా ఉంటాయా’ అని రాసింది. నాకు నవ్వొచ్చింది. మంచి ఊరూ లేదు, చెడ్డ ఊరూ లేదు తల్లీ. గొంతు ఎండిన ఊరు, ఎండని ఊరు, అంతే. ఫోటోలో అందరూ పళ్లు కనిపించేలా నవ్వుతున్నారు గానీ, ఆ కాలువ తెరిచిన ఏడాది నవ్విన ముఖం నాకు ఒక్కటీ గుర్తు లేదు. నాదైతే అసలే కాదు. ఆ అమ్మాయికి ఫోన్లోనే జవాబు రాద్దామని మొదలుపెట్టాను. బొటనవేలు నొప్పి పుట్టి కాగితం తీసుకున్నాను.

అప్పుడు నేను చిన్ననీటి సెక్షన్లో ఇంజనీరును. సెక్షన్ అంటే నేనూ, కాలువలూ తూములూ చూసుకునే ఒక లస్కరూ, తరచూ మొరాయించే నా స్కూటీ. పైన డీఈ గారు ఉండేవారు. మంచి మనిషే. కాకపోతే ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఒకటే మందు, నోటీసు.

ఆ ప్రాంతంలో వరసగా వానలు ముఖం చాటేశాయి. కుంట ఎండితే దాని కింద బోర్లు ఎండుతాయి. ఊరికి తాగునీళ్లిచ్చే బోరు కూడా ఆ కుంట కిందిదే. ట్యాంకరు వస్తే బిందెల కోసం జుట్లు పట్టుకునేదాకా పోయింది. ఈ కార్తెల్లో కూడా కుంట నిండకపోతే ఇళ్లకు తాళాలేసి మిరప కోతలకు గుంటూరు వైపు పోదామని సగం ఊరు మూటలు సర్దుకుంటోంది.

చివరికి దేవుడిమీద భారం వేశారు. ఎండిన కుంటలోనే ప్రార్థనలు చేయాలని మూడు మతాలవాళ్లూ విడివిడిగా అనుకున్నారు. తీరా చూస్తే దేవుళ్లు ముగ్గురు, షామియానా ఒకటి. దాన్ని అద్దెకిచ్చే వాడు మార్కాపురం నుంచి మూడుసార్లు రానన్నాడు. దాంతో అందరూ ఒకే రోజుకు దిగారు. పొద్దున్నే ముసల్మానులు భుజాల మీద కండువాలు తిరగేసుకుని, అరచేతులు నేలకేసి తిప్పి దువా చేశారు. పొద్దెక్కాక పూజారి కడవలతో ఆంజనేయస్వామికి అభిషేకం చేసి జపానికి కూర్చున్నాడు. సాయంత్రం పాస్టరు గారి ఉపవాస ప్రార్థన. మైకు కూడా ఒకటే కాబట్టి ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు.

వాన వచ్చింది. ఆ వారంలోనే, ఒక మధ్యాహ్నం, దంచి కొట్టింది. ఇప్పటి వానల సంగతి మీకు తెలిసిందే. నెలంతా కురవాల్సింది ఒక పూటలో కుమ్మరించి పోతాయి. ఏ దేవుడు కురిపించాడన్న పంచాయితీ ఊళ్లో అప్పుడే మొదలైంది. మర్నాడు పొద్దున్నే నేను వెళ్లి చూస్తే కుంటలో చీలమండ మునిగే నీళ్లు కూడా లేవు. కొండమీది నీళ్లన్నీ రోడ్డు దాటి, వాగులో పడి, గుండ్లకమ్మ దారి పట్టాయి.

కట్టమీద మసీదు పెద్ద నిలబడి ఉన్నాడు. హైవే మీద బస్సు స్టేజీ దగ్గర టీ కొట్టు ఆయనది. తెల్లగడ్డం, గట్టి గొంతు. ఊళ్లో మతంతో పనిలేకుండా సగంమంది ఆయన్ను మామా అంటారు.

“మేడం, మేం అడిగినాం, పైవాడు ఇచ్చినాడు. ఇచ్చింది యాడికి పోయిందో మీరు చెప్పాల” అన్నాడు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను అంత సూటిగా నిలదీసిన మేలధికారి లేడు.

లస్కరును తీసుకుని కొండ నీళ్లను కుంటకు తెచ్చే కాలువ వెంట నడిచాను. నడిచానంటే, కాలువ ఉండాల్సిన చోట నడిచాను. కాలువ లేదు. పైన చర్చివాళ్లు సభల కోసం మైదానం ఎత్తు చేసి వేదిక కట్టుకున్నారు. దాని కింద మసీదువాళ్లు తమ గోరీలుండే ఖబరస్తాన్‌కు గోడ కట్టి పక్కనంతా మెరక చేశారు. ఇంకా కింద, కుంటకు దగ్గరగా, గుడి ప్రహరీ గోడ. మూడు చోట్లా నింపింది ఒకటే, పలక ముక్క. మా వైపు పలకల గనుల దగ్గర పనికిరాని రాయి గుట్టలుగా పడి ఉంటుంది. ఎవరు ఎత్తుకుపోయినా అడిగే నాథుడు లేడు. గుంత కనబడితే ట్రాక్టరుతో పలక ముక్క తెచ్చి పోయడం ఇక్కడివాళ్లకు చేతి అలవాటు. అందులో దేవుడి పేరు మీద పోస్తే అడిగేదెవరు? ఎవరికి వారు ‘కొంచెమే కదా’ అనుకున్నారు. మూడు ‘కొంచెం’లు కలిసి కాలువను మింగాయి.

“కాలువ యాడికీ పోలా మేడం. ఈ దేవుళ్ల కిందనే పండుకోని ఉండాది” అన్నాడు లస్కరు.

డీఈ గారు మూడు నోటీసులు ఇప్పించారు. వాటిని పట్టుకెళ్లిన అటెండరు రోడ్డుకు దగ్గరని ముందు గుడిలో ఒకటిచ్చి, ఎండ ఎక్కువైందని ఇంటికి పోయాడు. మిగిలిన రెండూ చేరేలోపు, ప్రభుత్వం గుడి మీద పడిందని ఊరంతా పొక్కింది. ఆ రెండూ చేరాక మాక్కూడానా అని మిగతావాళ్లు లేచారు. అసలు నేను ఎవరి మనిషినో తేల్చడానికి పాపం చాలా కష్టపడ్డారు. ఇంటిపేరు ఆరా తీశారు. మా ఆయన పేరు కనుక్కున్నారు. స్కూటీ ముందు ఏ దేవుడి బొమ్మ ఉందో వంగి చూశారు. షోరూంవాడు అంటించిన స్టిక్కరు తప్ప అక్కడేమీ లేదు. దాంతో ముగ్గురికీ నేను అవతలివాళ్ల మనిషినయ్యాను.

ఇక్కడ మన పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. పూడిన కాలువను ఎప్పుడూ దిగువ నుంచి తెరుచుకుంటూ పోవాలి. పైన ముందు తెరిస్తే నీళ్లు వచ్చి కింద మూసి ఉన్నచోట ఎగదన్నుతాయి. చర్చి దగ్గర తెరిచి ఆగిపోతే ఖబరస్తాన్ మునుగుతుంది. కాబట్టి మొదట కదలాల్సింది గుడి గోడ. పైగా మూడూ ఒకే రోజు తెరవాలి, వాన ఎప్పుడొస్తుందో తెలియదు. ఈ మాట చెప్పగానే, అన్నిటికంటే ముందు గుడే ఎందుకని మళ్లీ మొదటికొచ్చింది. నీళ్లు పల్లానికి పారతాయి కాబట్టి అని చెప్పడానికి నేను ఇంజనీరింగు చదివాను. నా చదువు ఆ రోజు ఎందుకూ కొరగాలేదు.

నోటీసులు పక్కన పెట్టండి, కూర్చుని మాట్లాడుకుందాం అని బతిమాలి, మళ్లీ ఆ షామియానానే కుంటలో వేయించాను. ఎవరి గడపా తొక్కనక్కర్లేని చోటు అదొక్కటే. జేసీబీ డ్రైవరును కూడా పిలిపించాను. అతను వచ్చీరాగానే చేతులెత్తేశాడు.

“మట్టి తియ్యమంటే తీస్తా మేడం. గోడలు నేను ముట్టను. గుడి గోడగానీ, గోరీల గోడగానీ. నాకూ పిల్లలుండారు. ముందు మీరెవురన్నా పగలగొట్టండి, తర్వాత నేను దిగుతా.”

అందరూ పూజారి వైపు చూశారు. నలభై దాటని మనిషి. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. బయట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని నిష్ఠ.

“ఆ గోడకు ఇల్లిల్లూ తిరిగి అడుక్కోనొచ్చినా మేడం. కాలువ కావాల, నాకూ తెల్సు. కానీ నా చేత్తో నేను కూలగొట్టలేను. స్వామి మీదికి చెయ్యెత్తినట్టు ఉంటాది” అన్నాడు.

పాస్టరు గారు ఒకప్పుడు బడిపంతులు. ఆయన నిట్టూర్చి, “మేమూ అంతే. సృష్టంతా దేవుడిదని మైకులో చెప్తన్నాం, సర్వే నంబరు మాత్రం మాదంటన్నాం” అన్నారు.

“వాళ్ల చేత గాకపోతే ఎవురు కొట్టాల? గుడి గోడ మీద బయటోళ్ల గడ్డపార పడితే మేం ఊరుకుంటామా?” అని గుంపులోంచి ఒక కుర్రాడు అరిచాడు.

మసీదు పెద్ద అటు తిరిగాడు. “ఏంది ఊరుకునేది? పీర్ల పండక్కి గుండం తవ్వేటప్పుడు మొదటి గడ్డపార యేసేదెవురు? ఈ పూజారి నాయన గాదా? ఆయనకు ముందు వాళ్ల తాత గాదా? మేం ఊరుకుంటన్నామా? ఊరుకోడం గాదు, పిలిచి, దండేసి, యేపిచ్చుకుంటన్నాం!”

అది నిజం. మా ఊళ్లలో కొన్నిచోట్ల పీర్ల ముందు నిప్పుల గుండానికి మొదటి పోటు హిందువుల ఇంటిది. అదొక హక్కు. ఆ ఇంటి మనిషి రాకపోతే గుండం తవ్వడమే ఉండదు. ఆయన ఆ మాట కోపంలో అన్నాడు. వాదన గెలవడానికి అన్నాడు. పూజారి మాత్రం తలవంచుకుని ఆలోచనలో పడ్డాడు. తర్వాత లేచి ఆయన ముందుకెళ్లి నిలబడ్డాడు.

“మామా, అట్లయితే నేను పిలుస్తన్నా. మా గోడకు మొదటి గడ్డపార నువ్వెయ్యి.”

మసీదు పెద్ద ముఖం పాలిపోయింది.

“సామీ, నీకు దణ్ణం పెడతా. నేను గుడి గోడ మీద గడ్డపార ఎత్తినానంటే, ఎవుడో ఒకడు ఫోన్లో తీస్తాడు. ఊరి సంగతి ఊరికి తెల్సు. ఫోన్లో సూసేటోడికి తెల్సా? నేను రోడ్డు మీద టీ అమ్ముకునేటోణ్ణి.”

“పక్కన నేనుంటా. తీస్తే ఇద్దర్నీ తియ్యమను.”

ఆయన నెర్రెలిచ్చిన కుంటను ఒకసారి చూశాడు. ఆ తర్వాత సరేనన్నాడు. ఖబరస్తాన్ గోడకు మొదటి పోటు పాస్టరు గారిదని ఆయనే చెప్పాడు. చర్చి వేదికకు పూజారిదని పాస్టరు గారు చెప్పారు. పది నిమిషాల క్రితం కొట్టుకోబోయిన వాళ్లు, పెళ్లికి పిలుచుకున్నట్టు పిలుచుకున్నారు. అలవాటు లేని ధైర్యాన్ని చూస్తే నాకు మాత్రం ఎప్పుడూ భయమే.

అనుకున్న రోజు పూజారి గడ్డపారకు పసుపు రాసి, బొట్టు పెట్టి తెచ్చాడు. మసీదు పెద్ద మెడలో దండ వేశాడు. ఆయన బిస్మిల్లా అనుకుని ఒక పోటు వేశాడు. దెబ్బ మెత్తగా తగిలి, గోడ మీద సున్నం మాత్రం రాలింది.

“మామా, చక్కెర కలపతన్నావా, గోడ పగలగొడతన్నావా?” అని పాస్టరు గారు అనేసరికి అందరికీ ఊపిరి ఆడింది. రెండో పోటుకు రాయి కదిలింది. జేసీబీ దిగింది. మధ్యాహ్నానికి ఖబరస్తాన్ గోడ, పొద్దు వాలేసరికి చర్చి వేదిక. ఆడవాళ్లు గంపలతో పలక ముక్క మోసి, కాలువ గట్లు కోసుకుపోకుండా వరసలుగా పేర్చారు. ఇన్నాళ్లూ కాలువను మూసిన రాయే గట్టుకు కాపలా అయింది. హైవే మీద బండి ఆపి ఫోన్ ఎత్తిన ఒక పెద్దమనిషిని ఒకావిడ చేయి పట్టుకుని లాక్కొచ్చి, “తియ్యడానికి వచ్చినావు గదా, తియ్యి” అని గంప నెత్తిన పెట్టింది. అతను కాసేపు మోశాడు కూడా.

కానీ వీడియో తీసినవాడు వేరే ఎవడో. ఎక్కడ నిలబడి తీశాడో ఇప్పటికీ తెలియదు. మర్నాటికి అందరి ఫోన్లలోకీ వచ్చింది. అందులో తెల్లగడ్డం ముసలాయన, గడ్డపార, గుడి గోడ. దండ లేదు, పూజారి లేడు, ఊరు లేదు. అవన్నీ కోసేశాడు. ఆ సాయంత్రం ఎవరో ముఖాలు తెలియని కుర్రాళ్లు బండ్లమీద వచ్చి టీ కొట్టు ముందు అరిచి, పాలగిన్నె తన్ని పోయారు. కొన్నాళ్లు ఊళ్లో లేకపోతే మంచిదని ఎస్సై చెప్పాడు. కొడుకులు ఆయన్ను గిద్దలూరులో కూతురింటికి పంపేశారు.

నేను పూజారి మీద విరుచుకుపడ్డాను. “పక్కన నేనుంటానన్నావు. వీడియోలో నీ కాలి గోరన్నా కనబడిందా?” అన్నాను. ఆ మాట అన్నందుకు నాకే బాధేసింది. అతన్ని అని ఏం లాభం?

మర్నాడు పొద్దున నేను బస్సు దిగేసరికి టీ కొట్టు తెరిచి ఉంది. మసీదు పెద్ద భార్య పొయ్యి దగ్గర ఉంది. రోడ్డుకు ఎదురుగా వేసిన బెంచీ మీద, నుదుటి మీద సింధూరం మెరుస్తుండగా, పూజారి కూర్చున్నాడు.

“అత్తా, ఒక టీ” అన్నాడు.

ఆవిడ గాజుగ్లాసు అందించి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను ఊదుకుంటూ చివరిదాకా తాగాడు. బయట పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషి. ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా గుడి తలుపులు తీసి, పూజ ముగించి, నేరుగా వచ్చి ఆ బెంచీ మీదే కూర్చునేవాడు. ఆగిన ప్రతివాడికీ, అడిగినా అడగకపోయినా, జరిగింది చెప్పేవాడు. పాస్టరు గారి కూతురు తీసిన పూర్తి వీడియో చూపించేవాడు. పాస్టరు గారూ వచ్చి చేరారు, మసీదు కుర్రాళ్లూ చేరారు. కాలువ గట్ల మీద ఏ చెట్లు పెట్టాలి, ఎవరి ముక్క ఎవరు చూడాలి, పక్క ఊరి కుంటకు పోయి ఎవరితో మాట్లాడాలి, అన్నీ ఆ బెంచీ మీదే తేలాయి. మా డీఈ గారు కూడా ఒక రోజు వచ్చి టీ తాగి, ‘నోటీసు అవసరం లేదేమో’ అన్నారు. ఆయన నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే.

పూజారి గిద్దలూరుకు ఫోన్ చేసి రమ్మంటే మాత్రం మసీదు పెద్ద రాలేదు.

“ఇప్పుడు రాను సామీ. ఆ కాలువలో నీళ్లు పారితే, నేను కాలువ తీసినోణ్ణి. పారకపోతే గుడి గోడ కొట్టినోణ్ణి. అట్ల నేను ఊళ్లో తిరగలేను” అన్నాడు.

అప్పటినుంచి నాకు నిద్ర కరువైంది. వాన రావడం నా చేతిలో లేదు. వస్తే పారడం మాత్రం నా వాలు లెక్క మీద ఉంది. ఆ వాలు రెండుసార్లు సరిచూశాను. మూడోసారి చూస్తుంటే లస్కరు విసుక్కున్నాడు. మబ్బులు పట్టేవి, ఊరించేవి, నల్లమల వైపు పోయేవి. కార్తెలు ఒక్కొక్కటే దాటిపోతున్నాయి. మూటలు సర్దుకున్నవాళ్లు మళ్లీ సర్దుకుంటున్నారు. మార్కాపురం ఆఫీసులో కూర్చుని నేను నా జీవితంలో మొక్కని దేవుళ్లకు కూడా మొక్కాను.

స్వాతిలో కురిసింది. మధ్యాహ్నం మొదలై, పొద్దు గుంకే ముందు కాస్త తెరిపిచ్చింది. నేను చేరేసరికి ఊరంతా కాలువ గట్ల మీదే ఉంది. పైనుంచి ఎర్రనీళ్లు చెత్తను నెట్టుకుంటూ చర్చి మైదానం దాటాయి. గోరీల పక్కనుంచి ఒక్క అడుగు కూడా పొర్లకుండా దిగాయి. గుడి గోడ సందు దగ్గర కంప అడ్డం పడి నీళ్లు ఎగదన్నాయి. పూజారి, పాస్టరు గారు, మసీదు కుర్రాళ్లు నడుం లోతు నీళ్లలో దిగి కంప లాగేశారు. నీళ్లు భళ్లున సందులోంచి దూకి కుంటలో పడ్డాయి. జనం కేకలు పెట్టారు. కొబ్బరికాయ కొట్టమని పూజారిని తొందరపెట్టారు.

అతను కొట్టలేదు. కాయ గోడ మీద పెట్టి, తడి చేతులతో ఫోన్ తీశాడు.

“మామా, నువ్వు కొట్టిన సందులోంచి నీళ్లు దూకతన్నాయి. ఇను” అని ఫోన్ నీళ్ల దగ్గరకు పట్టాడు. చాలాసేపు పట్టాడు. మళ్లీ చెవికి పెట్టుకున్నాడు. “ఏడుస్తన్నాడు” అన్నాడు మాతో.

మర్నాడు మొదటి బస్సుకు ఆయన దిగాడు. భార్య కొట్టులోంచి పిలుస్తున్నా ఆగకుండా నేరుగా గుడి గోడ దగ్గరకు వచ్చాడు. నీళ్లు ఇంకా పారుతున్నాయి, రాత్రికంటే తేటగా. చేతిసంచి ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూశాడు. గట్టంతా బురద. పూజారి వచ్చి సంచి అందుకున్నాడు. ఆయన చెప్పులు విడిచి, గట్టు మీద గొంతు కూర్చుని, ఆ పారే నీళ్లతో, నమాజుకు ముందు చేసుకున్నట్టే, వజూ చేశాడు. చేతులు, నోరు, ముఖం, మోచేతులు, తల, పాదాలు. పక్కనే పూజారి సంచి పట్టుకుని, ఆయన చెప్పులు నీళ్లలో కొట్టుకుపోకుండా కాలితో ఆపుకుంటూ నిలబడ్డాడు. నేను కొలతకర్ర తీసుకుని, నీటిమట్టం చూసే వంకతో అవతలికి వెళ్లి ఏడ్చాను. ఆనందంతోనే ఏడ్చాను.

నేను తిరిగి వచ్చేసరికి ఆయన లేచి, గడ్డం మీద నీళ్లు తుడుచుకోకుండానే, గోడలో పడిన సందును తేరిపార చూస్తున్నాడు.

“సామీ, నేను కొంచెం వంకరగా కొట్టినట్టుండాదే” అన్నాడు.

“వంకరో, సక్కనో, నీళ్లు పట్టినాయి గదా మామా” అని పూజారి సంచి ఆయన చేతికిచ్చి, కొబ్బరికాయ కొట్టాడు.